ఒక చార్టు, మూడు ఊళ్లు: కుబర్నెటీస్‌కు హెల్మ్ ప్యాకేజీ రాయడం ఎలా?

కంటైనర్ క్లస్టర్ల మీద పనిచేసే ఇంజినీర్ల పెద్ద సదస్సు కుబ్‌కాన్ ఇండియా 2025 ఆగస్టు 6, 7 తేదీల్లో హైదరాబాద్‌లో జరిగింది. అంతకు ముందు నెలలోనే వెలువడిన ఒక ప్రకటన ఈ రంగంలో చాలామందిని కలవరపెట్టింది. బిట్నామీ పేరుతో ఏళ్ల తరబడి ఉచితంగా దొరికిన పోస్ట్‌గ్రెస్, రెడిస్, కాఫ్కా లాంటి సాఫ్ట్‌వేర్ల ఇమేజ్‌లు ఆగస్టు 28 తర్వాత పాత చోట దొరకవన్నది దాని సారాంశం. ఒక్క లైను కమాండ్‌తో డేటాబేసు తెచ్చుకుని నడుపుతున్న సంస్థలన్నీ ఒక ప్రశ్నకు జవాబు వెతుక్కోవాల్సి వచ్చింది. మనం వాడుతున్న ప్యాకేజీ ఎవరు రాశారు? దాని లోపల ఏముంది?

ఆ ప్యాకేజీనే ఈ రంగంలో హెల్మ్ చార్టు అంటారు. దాన్ని వాడేవాళ్లు లక్షల్లో ఉంటే, బాగా రాయగలిగేవాళ్లు తక్కువ. అది ఎందుకు పుట్టిందో, ఎలా రాస్తారో, ఎక్కడ బెడిసికొడుతుందో చూద్దాం.

ఏం కావాలో చెబితే చాలు

కంటైనర్ ఇమేజ్ అంటే ప్రోగ్రామునూ, అది నడవడానికి కావలసిన లైబ్రరీలనూ కలిపి కట్టిన మూట. 2013లో డాకర్ వచ్చాక ఈ మూటలు కట్టడం తేలికైంది. కట్టిన మూటలను పదుల కొద్దీ సర్వర్ల మీద నడపడం, ఒకటి పడిపోతే ఇంకోటి లేపడం వేరే పని. దానికోసం గూగుల్ 2014లో కుబర్నెటీస్‌ను బయటి ప్రపంచానికి ఇచ్చింది. గ్రీకులో ఆ మాటకు చుక్కాని పట్టేవాడని అర్థం.

కుబర్నెటీస్‌కు ఎలా చెయ్యాలో చెప్పం, ఏం కావాలో రాసిపెడతాం. దీన్నే డిక్లరేటివ్ పద్ధతి అంటారు. మేడ మీది నీళ్ల ట్యాంకులో బంతి వాల్వు ఉంటుంది కదా. నీళ్లు తగ్గగానే అది తెరుచుకుంటుంది, నిండగానే మూసుకుంటుంది. ఎవరూ మెట్లెక్కి చూడనక్కర్లేదు. 'ఈ ప్రోగ్రాము ఎప్పుడూ రెండు కాపీలు నడుస్తుండాలి' అని రాస్తే కుబర్నెటీస్ కూడా అదే పని చేస్తూ ఉంటుంది. అలా రాసే ఫైళ్లు యామల్ అనే పద్ధతిలో ఉంటాయి. అందులో పక్క ఖాళీలకు కూడా అర్థం ఉంటుంది. రెండు స్పేసులు తక్కువైతే అర్థమే మారిపోతుంది.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఉక్కు కర్మాగారం పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన కుటుంబాలు జంషెడ్‌పూర్‌లో తరాలుగా స్థిరపడ్డాయి. ఆ ఊళ్లోని బారిడీహ్‌లో ఒక క్లినిక్ ఉందనుకుందాం. దానికి కద్మాలో ఒకటి, సొంతూరని శ్రీకాకుళంలో ఒకటి, రెండు శాఖలున్నాయి. పొద్దున్నే ఓపీ టోకెన్లు ఇచ్చే చిన్న యాప్ మూడు చోట్లా నడవాలి. ప్రోగ్రాము ఒక్కటే. బారిడీహ్‌లో తెర మీద హిందీ, తెలుగు రెండూ కావాలి. శ్రీకాకుళంలో తెలుగు చాలు. బారిడీహ్‌లో రద్దీ ఎక్కువ కాబట్టి మూడు కాపీలు, కద్మాలో ఒకటి.

ఇంత చిన్న యాప్‌కు కూడా ఫైళ్లు అరడజను దాటతాయి. ప్రోగ్రామును నడిపే డిప్లాయ్‌మెంట్, దాన్ని చేరే దారి చూపే సర్వీస్, బయటి నుంచి వచ్చే వెబ్ చిరునామాకు ఇంగ్రెస్, సెట్టింగులకు కాన్ఫిగ్‌మ్యాప్, పాస్‌వర్డులకు సీక్రెట్, డేటాబేసుకు స్టేట్‌ఫుల్‌సెట్. మూడు శాఖలకు మూడు కాపీలు చేసి, పేర్లు మార్చి పెట్టుకుంటే మొదటి వారం బాగానే ఉంటుంది. తర్వాత ఎవరో బారిడీహ్ ఫైల్లో మెమరీ పరిమితి పెంచుతారు, కద్మాది మరచిపోతారు. ఆర్నెల్లకు మూడూ మూడు దారులు. ఏ తేడా కావాలని పెట్టిందో, ఏది పొరపాటున మిగిలిందో చెప్పగలిగేవాళ్లు ఉండరు.

డేయిస్ నుంచి హెల్మ్ 4 వరకు

ఈ తలనొప్పికి మందుగా డేయిస్ అనే చిన్న కంపెనీ ఇంజినీర్లు 2015లో హెల్మ్‌ను రాశారు. ఆ నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన తొలి కుబ్‌కాన్‌లోనే దాన్ని బయటపెట్టారు. హెల్మ్ అంటే చుక్కాని, చార్టు అంటే నావికుల సముద్ర పటం. ఈ రంగంలో పేర్లన్నీ ఓడ చుట్టూనే తిరుగుతాయి. 2016లో వచ్చిన హెల్మ్ 2లో టిల్లర్ అనే భాగం క్లస్టర్ లోపల కూర్చుని పనులు చేసేది. చాలా చోట్ల దానికి క్లస్టర్ మొత్తం మీద సర్వాధికారాలు ఇచ్చేసేవారు. ఇంటి తాళాల గుత్తి వాచ్‌మన్ కుర్చీ మీద పెట్టి వెళ్లినట్టే. 2019 నవంబరులో వచ్చిన హెల్మ్ 3 టిల్లర్‌ను తీసేసింది. ఇప్పుడు కమాండ్ ఇచ్చిన మనిషికి ఎంత అధికారం ఉంటే హెల్మ్‌కూ అంతే. 2020 ఏప్రిల్‌లో సీఎన్‌సీఎఫ్ దీన్ని పరిణతి చెందిన ప్రాజెక్టుగా గుర్తించింది. 2025 నవంబరులో హెల్మ్ 4 వచ్చింది. కింద చెప్పే మెలకువలు 3, 4 రెండింటికీ వర్తిస్తాయి.

చార్టు అంటే ఒక ఫోల్డర్. అందులో ముఖ్యమైనవి మూడు. ప్యాకేజీ పేరు, వెర్షన్ రాసే చార్ట్ ఫైలు. ఖాళీలు వదిలిన యామల్ ఫైళ్లు ఉండే టెంప్లేట్ల ఫోల్డర్. ఆ ఖాళీల్లో మామూలుగా ఏం నింపాలో చెప్పే వేల్యూస్ ఫైలు. ఖాళీలను జంట ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య గో భాష టెంప్లేట్ పద్ధతిలో రాస్తారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు శాఖకొక చిన్న వేల్యూస్ ఫైలు ఇస్తే, అందులో ఉన్నంత మేరకు అసలు విలువల స్థానంలో అవి చేరతాయి. అలా ఒకసారి క్లస్టర్‌లోకి దిగిన చార్టును రిలీజ్ అంటారు. మన క్లినిక్‌కు చార్టు ఒకటి, రిలీజులు మూడు. శాఖల మధ్య తేడాలన్నీ పదేసి లైన్ల మూడు ఫైళ్లలో కళ్లముందు ఉంటాయి. హెల్మ్ వల్ల అసలు లాభం ఇదే.

చార్ట్ ఫైల్లో వెర్షన్లు రెండుంటాయి. ఒకటి ప్యాకేజీది, రెండోది లోపలి యాప్‌ది. టెంప్లేటులో ఒక్క అక్షరం మార్చినా మొదటి అంకె ముందుకు కదలాలి, యాప్ మారకపోయినా సరే. ఈ రెండింటినీ కలిపేసిన చార్టుల్లో ఏ రోజు ఏం మారిందో తవ్వుకోవడం నరకం.

ఏది ఖాళీగా వదలాలి?

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర దస్తావేజు లేఖరుల దగ్గర నమూనాలుంటాయి. అమ్మేవారి పేరు, కొనేవారి పేరు, సర్వే నంబరు, నాలుగు హద్దులు ఖాళీ. మిగతా భాష అంతా స్థిరం. ఆ స్థిరమైన భాషలోనే లేఖరి అనుభవం ఉంటుంది. అన్నీ ఖాళీలే అయితే అది తెల్ల కాగితం. ఒక్క ఖాళీ కూడా లేకపోతే అది ఒకరి దస్తావేజు మాత్రమే.

కొత్తగా చార్టు రాసేవారు చాలావరకు మొదటి తప్పే చేస్తారు. ఎవరికి ఏం అవసరమొస్తుందో అని ప్రతి లైనునూ ఖాళీగా వదిలేస్తారు. వేల్యూస్ ఫైలు వందల లైన్లకు పెరుగుతుంది. వాడేవాడు కుబర్నెటీస్ నేర్చుకోవడంతో పాటు మీ ఖాళీల పేర్లూ నేర్చుకోవాలి. బహిరంగంగా అందరికీ పంచే చార్టుకు ఇది కొంత తప్పదు. ఒకే సంస్థలో మూడు శాఖలకు రాసే చార్టుకు మాత్రం నా లెక్కలో పది పన్నెండు ఖాళీలు దాటకూడదు. వెబ్ చిరునామా, కాపీల సంఖ్య, భాషలు, మెమరీ, డేటాబేసు చిరునామా, ఇమేజ్ వెర్షన్. శాఖను బట్టి మారేది ఖాళీగా ఉండాలి. యాప్‌ను బట్టి మారేది టెంప్లేటులోనే ఉండాలి. యాప్ బతికే ఉందో లేదో చూసే హెల్త్ చెక్ దారి శాఖను బట్టి మారదు. దాన్ని వేల్యూస్‌లో పెట్టడం అనవసరం.

హెల్మ్ క్రియేట్ కమాండ్ ఇస్తే ఒక నమూనా చార్టు తయారై వస్తుంది. అందులో మీకు అక్కర్లేనివి చాలా ఉంటాయి. మొదటి రోజే వాటిని తీసేయండి. ఎందుకున్నాయో తెలియని లైన్లను తర్వాత ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

పెద్ద స్థాయిలో ఇది ఎలా ఉంటుందో చూడాలంటే మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. పురపాలక సేవల కోసం ఈగవర్నమెంట్స్ ఫౌండేషన్ తయారు చేసిన డిజిట్ వేదికను క్లస్టర్‌లో దింపే హెల్మ్ చార్టులు బహిరంగంగానే ఉన్నాయి. ఆస్తి పన్ను, ఫిర్యాదులు, లైసెన్సులు అంటూ అందులో సర్వీసులు చాలా ఉన్నా, ప్రతిదానికీ టెంప్లేట్లు మళ్లీ మళ్లీ రాయలేదు. కామన్ అనే ఒక చార్టులో ఉమ్మడి టెంప్లేట్లు పెట్టి, ఒక్కో సర్వీసు తన విలువలు మాత్రం రాసుకునేలా చేశారు. ఎక్కడ నడపాలో దానికొక ఎన్విరాన్‌మెంట్ ఫైలు, పాస్‌వర్డులకు ఎన్‌క్రిప్ట్ చేసిన వేరే ఫైలు.

అందులో ఇంకో పాఠమూ ఉంది. డిజిట్‌లో నగరాలకు ఒక్కోదానికి ఒక్కో ఇన్‌స్టలేషన్ ఉండదు. పంజాబ్‌లో అమృత్‌సర్, జలంధర్ ఒకే వేదికలో రెండు టెనెంట్లు. తేడా యాప్ లోపలే, డేటాలోనే ఉంటుంది. మన క్లినిక్ కూడా చార్టు మొదలుపెట్టే ముందు ఇదే అడగాలి. మూడు శాఖలూ ఒకే యాప్‌లో మూడు వరుసలైతే సరిపోదా? శాఖల డేటా విడిగా ఉండాలనో, ఒకటి ఆగితే మిగతావి ఆగకూడదనో గట్టి కారణముంటేనే మూడు రిలీజులు. చార్టు రాయడం వచ్చింది కదా అని రిలీజులు పెంచుకోకూడదు.

టెంప్లేట్లంటేనే ఇష్టపడనివాళ్లున్నారు. యామల్‌ను అక్షరాల మూటగా చూసి ఖాళీలు నింపడం మోటు పద్ధతని వాళ్ల వాదన. అందులో నిజముంది. 2018లో వచ్చిన కస్టమైజ్ ఖాళీలు లేని అసలు ఫైలు మీద తేడాలను పొరలుగా అతికిస్తుంది. మరుసటి ఏడాది నుంచి కుబర్నెటీస్ సొంత కమాండ్‌లోనే అది భాగమైంది. సొంత యాప్‌కు, రెండు మూడు చోట్లకే అయితే అది చాలు. ప్యాకేజీని వెర్షన్ వేసి ఇంకొకరి చేతిలో పెట్టాలన్నా, మార్పు బెడిసికొడితే ఒక్క కమాండ్‌తో వెనక్కి వెళ్లాలన్నా హెల్మే మేలు.

బెడిసికొట్టే చోట్లు

మొదటిది యామల్ చమత్కారం. కొటేషన్ గుర్తులు లేకుండా ఇంగ్లీషులో ఎస్, నో అని రాస్తే కుబర్నెటీస్ వాడే యామల్ వాటిని మాటలుగా కాక నిజం, అబద్ధం అనే విలువలుగా చదువుతుంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ మాత్రం అక్షరాలనే ఒప్పుకుంటుంది కాబట్టి ఇన్‌స్టాల్ అక్కడే ఆగిపోతుంది. ఆగిపోవడం నయం. క్లినిక్ పదంకెల ఫోన్ నంబరును కొటేషన్లు లేకుండా వేల్యూస్‌లో రాస్తే, హెల్మ్ దాన్ని దశాంశ సంఖ్యగా తీసుకుని, టెంప్లేటులో సైన్స్ పుస్తకంలోలా పది టు ది పవర్ రూపంలో ముద్రించగలదు. యాప్ చక్కగా నడుస్తుంది. రోగి ఫోనుకు వెళ్లే సందేశంలో క్లినిక్ నంబరు మాత్రం పనికిరాదు. అందుకే అక్షరాలుగా ఉండాల్సిన ప్రతి విలువనూ వేల్యూస్‌లోనే కొటేషన్లలో రాసి, టెంప్లేటులో కోట్ ఫంక్షన్ కూడా తగిలించాలి. చార్టుతో పాటు వేల్యూస్ స్కీమా ఫైలు కూడా ఇస్తే, ఏ ఖాళీలో అంకె, ఏ ఖాళీలో అక్షరాలు రావాలో ఇన్‌స్టాల్‌కు ముందే సరిచూస్తుంది. ఇది హెల్మ్ 3తో వచ్చింది. ఇప్పటికీ చాలా చార్టుల్లో లేదు.

రెండోది పేర్లు. సర్వీసుకు టోకెన్ అని నేరుగా పేరు పెట్టేస్తే, అదే నేమ్‌స్పేస్‌లో రెండో రిలీజ్ దిగదు. ప్రతి పేరుకూ ముందు రిలీజ్ పేరు చేరాలి. అలా చేరిన పేరు 63 అక్షరాలు దాటితే కొన్నిచోట్ల చెల్లదు. నమూనా చార్టులో పేరును 63 దగ్గర కత్తిరించే లైను ఉండేది అందుకే. ఇక పాడ్‌లను గుర్తుపట్టే సెలెక్టర్ లేబుళ్లలో వెర్షన్ నంబరు ఎప్పుడూ పెట్టకూడదు. డిప్లాయ్‌మెంట్‌లో సెలెక్టర్ ఒకసారి పెట్టాక మారదు. మొదటి ఇన్‌స్టాల్ బ్రహ్మాండంగా అవుతుంది, మొదటి అప్‌గ్రేడ్ రోజు చార్టు అక్కడే మొండికేస్తుంది.

మూడోది, సెట్టింగు మార్చినా యాప్‌కు తెలియకపోవడం. కాన్ఫిగ్‌మ్యాప్‌లో భాష మార్చి అప్‌గ్రేడ్ చేస్తారు, విజయవంతమని వస్తుంది. తెర మీద పాత భాషే. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా తీసుకున్న సెట్టింగును నడుస్తున్న పాడ్ మళ్లీ చదవదు, కాన్ఫిగ్‌మ్యాప్ మారినంత మాత్రాన అది పునఃప్రారంభమూ కాదు. కాన్ఫిగ్‌మ్యాప్ సారాన్ని చెక్‌సమ్‌గా తీసి పాడ్ అనోటేషన్‌లో పెట్టడం పాత చిట్కా. లోపల ఏ అక్షరం మారినా చెక్‌సమ్ మారుతుంది, పాడ్‌లు కొత్తగా లేస్తాయి.

పాస్‌వర్డుల సంగతి ఇంకా ప్రమాదకరం. చార్టే యాదృచ్ఛికంగా పాస్‌వర్డ్ తయారుచేస్తే బాగుంటుందని అందరికీ అనిపిస్తుంది. కానీ టెంప్లేటు ప్రతి అప్‌గ్రేడ్‌కూ మళ్లీ నడుస్తుంది, మళ్లీ కొత్త పాస్‌వర్డ్ పుడుతుంది. డేటాబేసు డిస్కులో పాతదే ఉంటుంది, యాప్ చేతిలో కొత్తది. సోమవారం ఉదయం ఓపీ క్యూలో జనం ఉండగా బయటపడే రకం తప్పు ఇది. పాత సీక్రెట్ ఉందేమో లుకప్ ఫంక్షన్‌తో ముందు చూసుకోవచ్చు. ఇంకా మేలు, చార్టు పాస్‌వర్డ్ జోలికే పోకుండా, ముందే ఉన్న సీక్రెట్ పేరు ఇమ్మని అడగడం. సీక్రెట్‌లో కనిపించే అర్థంకాని అక్షరాలు బేస్64 మాత్రమే, తాళం కాదు. ఎవరైనా విప్పి చదవగలరు. వాటిని గిట్‌లో పెట్టాలంటే సాప్స్ లాంటి దానితో ఎన్‌క్రిప్ట్ చేసి తీరాలి.

రోల్‌బ్యాక్ మీద కూడా అతి నమ్మకం ఉంది. అది వెనక్కి తెచ్చేది కుబర్నెటీస్ ఫైళ్లను మాత్రమే. అప్‌గ్రేడ్‌లో భాగంగా డేటాబేసు పట్టికలో ఒక కాలమ్ తీసేసి ఉంటే, ఆ కాలమ్ రోల్‌బ్యాక్‌తో తిరిగి రాదు. పాత యాప్ మాత్రం దాన్ని వెతుక్కుంటుంది. అప్‌గ్రేడ్‌కు ముందు బ్యాకప్ తీసే పని చార్టులోనే హుక్‌గా పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి.

ఇవన్నీ సరిగా రాసినా చార్టుకు ఆయుష్షు ఉంటుంది. 2021 ఆగస్టులో కుబర్నెటీస్ 1.22 వచ్చినప్పుడు ఇంగ్రెస్ పాత బీటా రూపాన్ని తొలగించారు. ఏళ్లుగా ముట్టుకోని చార్టులు ఒక్కసారిగా చెల్లకుండా పోయాయి. 2025 నవంబరులో, విస్తృతంగా వాడే ఇంగ్రెస్ ఎన్‌జినెక్స్ నిర్వహణను 2026 మార్చితో ఆపేస్తామని కుబర్నెటీస్ బృందం ప్రకటించింది. టెంప్లేట్ల నిండా దాని ప్రత్యేక అనోటేషన్లు కుక్కినవాళ్లు ప్రతి చార్టునూ తిరగరాయాలి. వాటిని వేల్యూస్‌లో ఒక్క ఖాళీగా వదిలినవాళ్లకు పని తక్కువ. పైన చెప్పిన పది పన్నెండు ఖాళీల్లో దానికో చోటు ఇవ్వాల్సిందే.

బిట్నామీ నేర్పింది

చార్టులో ఇంకో చార్టును డిపెండెన్సీగా చేర్చుకోవచ్చు. క్లినిక్ యాప్‌కు పోస్ట్‌గ్రెస్ కావాలంటే మనం స్టేట్‌ఫుల్‌సెట్ రాసుకోనక్కర్లేదు, నాలుగు లైన్లతో బిట్నామీ చార్టును చేర్చుకుంటే సరి. ప్రపంచమంతా అదే చేసింది, ఎందుకంటే ఆ చార్టులు నిజంగా బాగుండేవి. బిట్నామీని 2019లో వీఎంవేర్ కొన్నది. వీఎంవేర్‌ను 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ కొన్నది. 2025లో వెర్షన్ నంబర్లున్న ఉచిత ఇమేజ్‌లను లెగసీ అనే వేరే చోటికి తరలించి, అక్కడ ఇక అప్‌డేట్లు ఉండవన్నారు. నిర్వహణ ఉన్నవి కావాలంటే చందా కట్టాలి. నిరసనలు వచ్చాక గడువు సెప్టెంబరు 29కి మారింది. ఈలోగా కొన్ని ఇమేజ్‌లను 24 గంటల చొప్పున కావాలనే ఆపి, ఎవరెవరు ఇంకా పాత చోటు మీద ఆధారపడి ఉన్నారో వాళ్లకే తెలిసేలా చేశారు.

చార్టుల సోర్సు కోడ్ ఎక్కడికీ పోలేదు, అది స్వేచ్ఛా లైసెన్సులోనే ఉంది. పోయింది ఇమేజ్. చార్టు అనేది దస్తావేజు, ఇమేజ్ అసలు స్థలం. పైగా దెబ్బ వెంటనే తెలియదు. నడుస్తున్న పాడ్ నడుస్తూనే ఉంటుంది. ఏ రాత్రో సర్వర్ చెడిపోయి పాడ్ ఇంకో సర్వర్‌కు మారాల్సి వచ్చినప్పుడు, అక్కడ ఇమేజ్ దిగక నిలబడిపోతుంది. పేరు మార్చి లెగసీ చోటికి తిప్పుదామంటే, బిట్నామీ చార్టులో మరో అడ్డు. ఇమేజ్ చిరునామా తమది కాకపోతే చార్టు ఒప్పుకోదు. అసురక్షిత ఇమేజ్‌లను అనుమతించమనే అర్థం వచ్చే సెట్టింగును ముందు ఆన్ చెయ్యాలి.

బ్రాడ్‌కామ్‌ను తిట్టుకోవడం తేలిక. ఉచితంగా ఇచ్చినవారికి ఆపే హక్కూ ఉంది. చార్టు రాసేవారు చూసుకోవాల్సింది తమ ప్యాకేజీ ఏ ఇమేజ్‌లను ఎక్కడి నుంచి లాగుతోందన్నది. హెల్మ్ టెంప్లేట్ కమాండ్ ఇస్తే క్లస్టర్‌ను ముట్టుకోకుండా తుది యామల్ మొత్తం ముందు పరుస్తుంది. అందులో ఇమేజ్ అన్న లైన్లు వెతికితే, డిపెండెన్సీల డిపెండెన్సీల్లో దాక్కున్నవి కూడా బయటపడతాయి. వాటిని సొంత రిజిస్ట్రీలోకి కాపీ చేసుకోవాలి. లేటెస్ట్ అనే ట్యాగ్ వాడకుండా, మారని డైజెస్ట్‌తో గుర్తించాలి. 2022 జనవరిలో వచ్చిన హెల్మ్ 3.8 నుంచి చార్టులను కూడా ఇమేజ్‌లుండే రిజిస్ట్రీలోనే దాచుకునే సౌకర్యం పూర్తి స్థాయిలో ఉంది కాబట్టి రెండూ ఒకే చోట ఉంటాయి.

కాపీ చేసుకున్నంత మాత్రాన భద్రతా లోపాల మరమ్మతులు వాటంతట అవి రావు. ఆ బాధ్యత ఇక మనదే. మన క్లినిక్‌లా ఇద్దరు ముగ్గురు ఇంజినీర్లే ఉన్నచోట డేటాబేసును చార్టులో చేర్చకపోవడమే మంచిదని నా అభిప్రాయం. క్లౌడ్ సంస్థ నడిపే పోస్ట్‌గ్రెస్ తీసుకోవచ్చు. లేదా డేటాబేసు కోసమే రాసిన క్లౌడ్‌నేటివ్‌పీజీ లాంటి ఆపరేటర్‌కు అప్పగించవచ్చు. అప్పుడు బారిడీహ్ వేల్యూస్ ఫైల్లో డేటాబేసు గురించి మిగిలేది రెండే లైన్లు: ఒక చిరునామా, ఒక సీక్రెట్ పేరు.